వేసవిలో తెరిచిన బళ్ళు

1964వ సంవత్సరం ఆగస్టు 14వ తేదీన, అమెరికాలోని హాటీస్‌బర్గ్ అనే ఊళ్ళో ఆరుగురు పిల్లలు తమ పంతులమ్మతో కలిసి ఊరి గ్రంథాలయానికి బయలుదేరారు. వారు కోరబోయేది పెద్ద వస్తువేమీ కాదు. పుస్తకాలు ఇంటికి తెచ్చుకుని చదువుకోవటానికి తలా ఒక కార్డు కావాలి, అంతే.

అయితే ఆ పిల్లలు నల్లవాళ్ళు. ఆ గ్రంథాలయం తెల్లవాళ్ళది. తెల్లవాళ్ళది అంటే వారెవరో సొంత డబ్బుతో కట్టుకున్నదని కాదు. ఊరివారందరూ కట్టిన పన్నులతో నడిచేదే. నల్లవారు కూడా పన్నులు కట్టేవారు, కాని లోపలికి వెళ్ళి పుస్తకం పట్టుకునే హక్కు మాత్రం వారికి లేదు. పంతులమ్మ పేరు శాండ్రా ఆడికెస్. ఆమె తెల్లావిడ. న్యూయార్కులో బడిలో పాఠాలు చెప్పుకునే మనిషి, ఆ సెలవుల్లో హాటీస్‌బర్గ్ వచ్చి ఈ పిల్లలకు చదువు చెప్పింది.

వారు గ్రంథాలయం మెట్లెక్కాక ఏం జరిగిందో తరవాత చెబుతాను. అక్కడికి వెళ్ళాలన్న ఊహ ఆ పిల్లలకు ఎలా కలిగిందో ముందు తెలియాలి.

హాటీస్‌బర్గ్ ఉన్నది మిసిసిపీ రాష్ట్రంలో. ఇది అమెరికాకు దక్షిణాన ఉన్న రాష్ట్రం, పత్తికి పేరు. పూర్వం ఆ పత్తిచేలలో చాకిరీ చేసినవారు బానిసలు. వారి తాతముత్తాతలను ఆఫ్రికానుంచి ఓడలలో కుక్కి తీసుకువచ్చారు. సుమారు మూడున్నర శతాబ్దాలపాటు ఇలా ఓడలెక్కించిన ఆఫ్రికావాసులు కోటీ ఇరవై అయిదు లక్షలమంది ఉంటారని చరిత్రకారులు లెక్క కట్టారు. వారిలో ఇంచుమించు పద్ధెనిమిది లక్షలమంది అవతలి ఒడ్డు చూడకుండానే సముద్రంమీద చనిపోయారు.

1865లో అమెరికాలో బానిసత్వం రద్దయింది. కాని ఆ తరవాత వందేళ్ళకు కూడా మిసిసిపీలో నల్లవారికి వేరే బడి, వేరే ఆసుపత్రి గది, వేరే మంచినీళ్ళ కుళాయి. పిల్లలను రంగునుబట్టి వేరు చేయటం తప్పని 1954లోనే దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పదేళ్ళు గడిచినా మిసిసిపీ బళ్ళలో ఆ తీర్పు అమలు కాలేదు. తెల్లపిల్లవాడి చదువుమీద పెట్టే ఖర్చులో ఇంచుమించు నాలుగోవంతే నల్లపిల్లవాడిమీద పెట్టేవారు. పత్తి బాగా పండే చోట్ల ఇంకొక విడ్డూరం ఉండేది. పత్తి తీసే రోజులు రాగానే నల్లపిల్లల బళ్ళు మూసేసి, వాళ్ళను చేలలోకి పంపి, ఆ పోయిన రోజులకు బదులు ఎండాకాలంలో బడి పెట్టేవారు.

ఇక పాఠ్యపుస్తకాల సంగతి. చరిత్ర పుస్తకం తెరిస్తే బానిసలు యజమానుల నీడన సుఖంగానే ఉండేవారని రాసి ఉండేది. నల్లవారు చేసిన మంచి పని ఒక్కటైనా అందులో కనిపించేది కాదు. ఏడాది పొడుగునా అటువంటి పుస్తకం చదివే పిల్లవాడికి తన తాతను గురించి ఏం అనిపిస్తుంది? తనను గురించి ఏం అనిపిస్తుంది?

ఈ విషయమే చార్ల్స్ కాబ్ అనే కుర్రవాడు ఆలోచించాడు. అతనిది అప్పటికి ఇరవై ఏళ్ళ వయసు. కాలేజీ చదువు మధ్యలో ఆపి, నల్లవారికి వోటుహక్కు కోసం మిసిసిపీలో పనిచేస్తున్నాడు. అక్కడి బళ్ళలో పిల్లలకు నేర్పే మొదటి పాఠం ప్రశ్న అడగకుండా ఉండటమేనని అతనికి తోచింది. వేసవిలో రెండు నెలలపాటు వేరే బళ్ళు పెట్టి, పిల్లలకు వారి చరిత్ర వారికి చెప్పి, వారిచేత ప్రశ్నలు అడిగించాలని 1963 డిసెంబరులో ఒక పథకం రాశాడు. వాటికి పెట్టిన పేరు స్వేచ్ఛా బళ్ళు. అట్లాంటా నగరంలో చరిత్ర బోధించే స్టాటన్ లిండ్ అనే ఆచార్యుడు వాటికి పెద్దగా ఉండటానికి ఒప్పుకున్నాడు.

బడి పెట్టటమంటే మాటలా? ఇళ్ళు లేవు, బల్లలు లేవు, జీతాలివ్వటానికి డబ్బు లేదు. ఉత్తరాది రాష్ట్రాలనుంచి కాలేజీ పిల్లలూ, పంతుళ్ళూ తమ ఖర్చులతోనే వచ్చారు. విరాళంగా పుస్తకాలు పెట్టెలకొద్దీ వచ్చాయి. వచ్చిన వాలంటీర్లను నల్లవారు తమ ఇళ్ళలో పెట్టుకుని అన్నం పెట్టారు. ఇది చిన్న సంగతి అనుకోకండి. అలా ఇంట్లో చోటిచ్చినవారికి మర్నాడు పని పోవచ్చు, రాత్రి ఇంటిమీద తుపాకి పేలవచ్చు. అది తెలిసే వారు తలుపు తీశారు. ఈ కథ చెప్పేటప్పుడు దూరంనుంచి వచ్చినవారి పేర్లే ఎక్కువగా చెబుతారు. నా మటుకు నాకు ఆ ఇంటివారి ధైర్యమే ఎక్కువగా తోస్తుంది. వాలంటీర్లు సెలవులు కాగానే వెళ్ళిపోవచ్చు, వారు అక్కడే బతకాలి.

నెషోబా అనే జిల్లాలో మౌంట్ జయాన్ అనే నల్లవారి చర్చి ఉన్నది. తమ చర్చిలో వేసవి బడి పెట్టుకోమని అక్కడివారు సమ్మతించారు. జూన్ 16 రాత్రి దుండగులు వచ్చి చర్చివారిని కొట్టి, చర్చిని తగలబెట్టారు. ఆ బూడిద చూసి, దెబ్బలు తిన్నవారిని పలకరించి రావటానికి జూన్ 21న ముగ్గురు యువకులు వెళ్ళారు. జేమ్స్ చేనీ ఆ రాష్ట్రంవాడే, నల్లవాడు, ఇరవై ఒక్క ఏళ్ళు. ఆండ్రూ గుడ్‌మన్, మైకేల్ ష్వెర్నర్ న్యూయార్కువారు, తెల్లవారు. ముగ్గురూ తిరిగి రాలేదు. ఆరు వారాలు వెతికాక, ఆగస్టు 4న, వారి శరీరాలు ఒక మట్టికట్ట కింద దొరికాయి.

ఆ ముగ్గురూ మాయమయ్యారన్న వార్త వచ్చేటప్పటికి మిగిలిన వాలంటీర్లు ఇంకా ఒహాయో రాష్ట్రంలోని ఒక కాలేజీలో శిక్షణ పొందుతున్నారు. ఇష్టం లేనివారు ఇళ్ళకు వెళ్ళవచ్చునని వారికి చెప్పారు. వారి తల్లిదండ్రులకు ఆ రాత్రులు నిద్ర పట్టి ఉంటుందా? అయినా చాలామంది వెనక్కు పోలేదు, బస్సులెక్కి మిసిసిపీకే వెళ్ళారు.

జులై మొదట్లో బళ్ళు తెరిచారు. వెయ్యిమంది పిల్లలు వస్తే గొప్ప అనుకున్నారు. రెండువేలకు పైగా వచ్చారు. సుమారు నలభై బళ్ళు నడిచాయి. ఒక్క హాటీస్‌బర్గ్‌లోనే ఐదువందలమందికి పైగా పేర్లు రాయించుకున్నారు. వారిలో ఎనభై రెండేళ్ళ ముసలాయన ఒకడు! ఆయన తనంతట తానే కూడబలుక్కుని చదవటం నేర్చుకున్నాడు. వోటరుగా పేరు ఎక్కించుకునే కాగితం నింపటానికి సాయం కావలసి బడికి వచ్చాడు. ఆ కాగితం మామూలు కాగితం కాదు. రాష్ట్ర రాజ్యాంగంలో 285 సెక్షన్లుంటే, అధికారి వాటిలో తనకు తోచినది ఒకటి చూపి, దాని అర్థం రాయమనేవాడు. రాసినది సరిగా ఉన్నదో లేదో తేల్చేవాడు కూడా ఆయనే. మిసిసిపీలో వయసు వచ్చిన నల్లవారు నూరుగురిలో ఏడుగురికి కూడా వోటు లేదంటే ఆశ్చర్యమేముంది?

బడి చర్చిలో, లేకపోతే చర్చి పక్కన చెట్టు కింద. ఫోటోగ్రాఫరు హెర్బర్ట్ రాండాల్ ఆ వేసవిలో హాటీస్‌బర్గ్‌లో తీసిన బొమ్మలు వందలకొద్దీ ఉన్నాయి. వాటిలో చెట్టు నీడన కూర్చున్న పిల్లలు కనిపిస్తారు. ఉదయం చరిత్ర, పౌరధర్మాలు. తరవాత టైపు, ఫ్రెంచి భాష, నాటకం, ఎవరికేది కావాలంటే అది. సాయంత్రం పెద్దలకు తరగతులు. మార్కులు లేవు, బెత్తం లేదు. పంతుళ్ళు ఉపన్యాసం చెప్పకూడదు, అడగాలి, పిల్లలచేత చెప్పించాలి.

బడి మొత్తానికి కొన్ని పెద్ద ప్రశ్నలు ముందే రాసి పెట్టారు. మనం ఈ బడికి ఎందుకు వచ్చాం? తెల్లవారి దగ్గర ఉన్నవాటిలో మనకు కావలసినవి ఏవి? అక్కరలేనివి ఏవి? మన దగ్గర ఉన్నవాటిలో పోగొట్టుకోకూడనివి ఏవి? ఈ చివరిది నాకు అన్నిటికన్న నచ్చింది. లేనివాడు అనిపించుకున్న పిల్లవాడిని కూర్చోబెట్టి, నీ దగ్గర ఉన్నదేమిటో చెప్పమని అడగటం ఎంత తెలివైన పని! అమ్మమ్మ చెప్పిన కథలు, చర్చిలో పాడే పాటలు, కష్టం వచ్చినప్పుడు ఇరుగుపొరుగు ఒకటి కావటం, ఇవన్నీ అప్పుడు లెక్కలోకి వస్తాయి.

చరిత్ర పాఠాలకు తయారుచేసిన పుస్తకం ఒక ఓడ కథతో మొదలవుతుంది. ఆ కథ మీరు కూడా వినాలి.

1839లో ఆఫ్రికా పడమటి తీరాన, ఇప్పుడు సియెర్రా లియోన్ అనే దేశమున్న చోట, సెంగ్బే పియే అనే రైతును దొంగలు పట్టుకుపోయి అమ్మేశారు. అతనిని, ఇంకా అనేకమందిని ఓడలో క్యూబా దీవికి చేర్చారు. అక్కడ ఇద్దరు స్పెయిన్‌వాళ్ళు యాభై ముగ్గురిని కొని, అమిస్టాడ్ అనే చిన్న ఓడలో ఆ దీవిలోనే ఇంకొక చోటికి బయలుదేరారు. ఆ యాభై ముగ్గురిలో నలుగురు పసిపిల్లలు. దారిలో ఒక రాత్రి సెంగ్బే తన గొలుసు తప్పించుకుని, తోటివారిని విడిపించాడు. తెల్లవారేసరికి ఓడ వారి చేతికి వచ్చింది.

కాని ఓడ నడపటం వారికి తెలియదు. ఇద్దరు యజమానులను ప్రాణాలతో ఉంచి, సూర్యుడు ఉదయించే దిక్కుకు నడపమన్నారు. ఆఫ్రికా ఆ దిక్కునే కదా! యజమానులు పగలంతా బుద్ధిగా తూర్పుకే నడిపి, చీకటి పడగానే ఓడను ఉత్తరంగా, పడమరగా తిప్పేవారు. ఇలా సుమారు రెండు నెలలు తిరిగి తిరిగి, తాగే నీరు కూడా కరువై, ఓడ న్యూయార్కు దగ్గర తేలింది. అమెరికా నౌకాదళంవారు అందరినీ పట్టుకుని జైలులో పెట్టారు.

ఇప్పుడు చిక్కు వచ్చింది. వీరి మాట అక్కడెవరికీ తెలియదు. వీరు క్యూబాలో పుట్టిన బానిసలని యజమానుల వాదం. కాదని చెప్పాలంటే వీరే నోరు విప్పాలి. అప్పుడు జొసయా గిబ్స్ అనే భాషాపండితుడు జైలుకు వెళ్ళి ఒక వేలు చూపాడు. వారొక మాట అన్నారు. రెండు వేళ్ళు చూపాడు, ఇంకొక మాట అన్నారు. ఇలా పదిదాకా లెక్క నేర్చుకుని, న్యూయార్కు రేవుకు పోయి, నల్లనావికులు కనిపించిన చోటల్లా ఒకటీ రెండూ మూడూ అని ఆ భాషలో బిగ్గరగా లెక్కపెడుతూ తిరిగాడు. చూసినవారు పిచ్చివాడనుకుని ఉంటారు. చివరకు జేమ్స్ కోవీ అనే కుర్ర నావికుడు ఆ లెక్క గుర్తుపట్టాడు. అది అతని చిన్ననాటి భాష, మెండే! అతనిని కూడా బానిసల దొంగలు ఎత్తుకుపోగా ఇంగ్లీషు ఓడవారు విడిపించారు. కోవీ దుబాసిగా నిలబడ్డాడు. ఖైదీల కథ కోర్టుకు తెలిసింది. వారి తరపున సుప్రీంకోర్టులో వాదించినవాడు ఒకప్పుడు ఆ దేశానికి ప్రెసిడెంటుగా ఉన్న జాన్ క్విన్సీ ఆడమ్స్, అప్పటికి డెబ్భై మూడేళ్ళ వృద్ధుడు. 1841 మార్చిలో కోర్టు వారిని స్వతంత్రులని తీర్పు చెప్పింది. అప్పటికి బతికి ఉన్న ముప్ఫయి అయిదుగురు 1842 జనవరిలో తిరిగి ఆఫ్రికా నేల మీద కాలు పెట్టారు.

బానిసలు సుఖంగానే ఉండేవారని చదువుకున్న పిల్లలు ఈ కథ విన్నారు! ఉత్తరాదినుంచి వచ్చిన కాలేజీ వాలంటీర్లలో కూడా చాలామందికి ఇటువంటి కథలు కొత్త. వారి బళ్ళలో కూడా ఎవరూ చెప్పలేదు. అందుచేత పంతులూ, పిల్లవాడూ ఒకే పుస్తకం ఒకేసారి నేర్చుకున్నారు.

ఆఫ్రికానుంచి జనం పోయినది ఒక్క అమెరికాకే కాదు. మన వైపు కూడా వచ్చారు. ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, దక్కనుకు చేరిన మాలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపించి, మొగలాయి సైన్యాలను ముప్పుతిప్పలు పెట్టి, 1626లో చనిపోయాడు. హైదరాబాదులో ఉన్న పాఠకులు ఏసీ గార్డ్స్ అనే పేట చూసే ఉంటారు. ఆ పేరులో ఉన్నది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే నిజాము కొలువులో ఉండిన ఆఫ్రికా సంతతి ఆశ్వికదళం. ఆ సైనికుల వంశస్థులు, సిద్దీలు, ఇప్పటికీ ఆ పేటలో ఉన్నారు. ఊరేగింపుల్లో మర్ఫా వాయించటంలో వారు పేరు పడ్డారు. రోజూ ఆ దారినే బడికి వెళ్ళే పిల్లలకు కూడా ఈ పేరు వెనక కథ ఎవరైనా చెబితే తప్ప తెలియదు.

మళ్ళీ మిసిసిపీకి వద్దాం. మెకోంబ్ అనే ఊళ్ళో వాలంటీర్లున్న ఇంటిమీద జులై 8న బాంబు పడింది. ఊరి పెద్దలు హడలిపోయి, తమ చర్చిలో బడికి చోటివ్వటానికి వెనుకాడారు. పిల్లలు ఆరుబయట పచ్చికలో కూర్చుని చదువుకున్నారు. పదిహేను పదహారేళ్ళ జాయిస్ బ్రౌన్ అనే పిల్ల ఒక పద్యం రాసి పెద్దలకు వినిపించింది. నేను అడిగినది కాస్త చోటు, మీరు కాదన్నారు, అయినా నా పని నేను మానను అన్నది దాని భావం. పెద్దలు విన్నారు, చర్చి తలుపు తెరిచారు. బడికి వచ్చేవారు నూరు దాటారు.

అనేక బళ్ళలో పిల్లలే పత్రికలు రాసి, టైపు కొట్టి, సైక్లోస్టయిలు చేసి పంచిపెట్టారు. మెకోంబ్ పిల్లలు తమ దానికి ఫ్రీడమ్స్ జర్నల్ అని పేరు పెట్టారు. 1827లో న్యూయార్కులో నల్లవారు మొదటిసారి నడిపిన పత్రిక పేరు కూడా అదే. ఆగస్టు 6 మొదలు 8 వరకు అన్ని బళ్ళ పిల్లల ప్రతినిధులు మెరిడియన్ అనే పట్నంలో సభ జరిపారు. బళ్ళు, ఇళ్ళు, వైద్యం, వోటు, ఒక్కొక్కదానిమీదా తీర్మానాలు రాశారు. సభ రెండో రోజున, అదే ఊళ్ళో, జేమ్స్ చేనీకి సంతాపసభ జరిగింది. మెరిడియన్ అతని సొంత ఊరు.

ఆ సభ అయిన వారం రోజులకు మన ఆరుగురు పిల్లలు గ్రంథాలయం మెట్లెక్కారు. కార్డులు కావాలని మర్యాదగా అడిగారు. ఇవ్వటానికి వీలులేదన్నారు. పిల్లలు కదలలేదు. కాసేపటికి పోలీసు అధిపతి వచ్చి, పుస్తకాల లెక్క చూసుకోవలసి ఉన్నదనీ, అందుచేత గ్రంథాలయం మూసేస్తున్నామనీ చెప్పి, అందరినీ బయటికి పంపాడు. ఆరు కార్డులు ఇవ్వవలసి వస్తుందని ఊరందరికీ పుస్తకాలు మూసేశారన్నమాట!

పిల్లలూ పంతులమ్మా ఆకలి వేసి భోజనానికి ఒక కొట్టులోకి వెళ్ళారు. దుకాణాలలో, హోటళ్ళలో రంగుభేదం చూపరాదని దేశంలో కొత్త చట్టం వచ్చి అప్పటికి ఆరు వారాలు అయింది. కొట్టులోవారు ఎంత తెలివిగలవాళ్ళో చూడండి. నల్లపిల్లలకు పెడతాం, వారితో వచ్చిన తెల్లావిడకు మాత్రం పెట్టం అన్నారు. పిల్లలు తమకూ వద్దని ఆమెతోపాటే లేచి వచ్చేశారు. వీధిలోకి రాగానే పోలీసులు ఆమెను పట్టుకున్నారు. పనీపాటా లేకుండా ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నదని నేరం మోపారు. వేసవి అంతా జీతం లేకుండా పాఠాలు చెప్పిన మనిషిమీద!

ఆమె ఊరుకోలేదు. కొట్టుమీద దావా వేసింది. అది సాగి సాగి 1970లో సుప్రీంకోర్టు చేరింది. కింది కోర్టు ఆ దావాను విచారణ లేకుండా కొట్టివేయటం తప్పని అక్కడ తీర్పు వచ్చింది.

ఆగస్టు ఆఖరుకు వేసవి బళ్ళు చాలావరకు మూతపడ్డాయి. పిల్లలు తమ మామూలు బళ్ళకు తిరిగి వెళ్ళారు. సెప్టెంబరులో, ఆ ముగ్గురు యువకులు చనిపోయిన నెషోబా జిల్లాలోనే, ఫిలడెల్ఫియా అనే పట్నంలో, నల్లపిల్లల హైస్కూలుకు కొందరు విద్యార్థులు చొక్కాలకు బిళ్ళలు పెట్టుకుని వచ్చారు. మనిషికొక వోటు అని వాటిమీద రాసి ఉన్నది. హెడ్మాస్టరు తీసేయమన్నాడు. తీయనివారిని ఇంటికి పంపాడు. వారి తల్లులు కోర్టుకు వెళ్ళారు. చదువుకు అడ్డు రానంతవరకు ఆ బిళ్ళలు పెట్టుకోవటం పిల్లల హక్కేనని 1966లో తీర్పు వచ్చింది.

1995నుంచి స్వేచ్ఛా బళ్ళు అదే పేరుతో అమెరికాలో అనేక ఊళ్ళలో మళ్ళీ నడుస్తున్నాయి. వాటిని మొదలుపెట్టించిన మేరియన్ రైట్ ఎడెల్‌మన్ 1960లలో మిసిసిపీలో లాయరుగా పనిచేసిన నల్లజాతి స్త్రీ. ఇప్పటివి ఆరు వారాల వేసవి బళ్ళు. పొద్దున్నే పిల్లలందరూ ఒకచోట చేరి చప్పట్లు కొట్టి పాడతారు. ఆ అరగంటకు హరాంబే అని పేరు. అది ఆఫ్రికాలోని స్వాహిలీ భాషలో మాట, అందరం కలిసి లాగుదాం అని అర్థం. పాటలయ్యాక ఊరివారెవరో ఒకరు, ఒక రోజు తాతగారు, ఒక రోజు బస్సు డ్రైవరు, ముందుకు వచ్చి కుర్చీలో కూర్చుని, పుస్తకం తెరిచి, పిల్లలకు ఒక కథ పైకి చదువుతారు.